తాతయ్య గురించి, జీతమిచ్చే కాలేజీ గురించి వికీపీడియాలో నేను రాయొచ్చా?

కొత్తరాత (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. ఈ మధ్యే తెలుగు వికీపీడియాలో ఖాతా తెరిచాను. ఇంతవరకు చేసినవన్నీ చిన్న పనులే. అచ్చుతప్పులు దిద్దాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినా రాజాం ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నట్టు మిగిలిపోయిన వాక్యాలను విజయనగరానికి మార్చాను. వీరఘట్టం, పాలకొండ దగ్గర పార్వతీపురం మన్యం అని పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన ధన్యవాదాలు కూడా నొక్కారు.

ఇప్పుడు రెండు పెద్ద పనులు మీద పడ్డాయి.

మొదటిది మా తాతయ్య. ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో తప్పెటగుళ్ల గురువు (రొమ్ము మీద రేకు తప్పెట వాయిస్తూ ఆడిపాడే జానపద కళ). పోయి చాలా ఏళ్లయింది. ఆయన రేకు తప్పెట, గజ్జెలు, సన్మాన పత్రాలు, పేపర్ కటింగులు అన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. "నువ్వెలాగూ రాస్తున్నావు కదా, మీ తాత పేజీ ఒకటి పెట్టెయ్" అని నాన్న రోజూ అడుగుతున్నారు.

రెండోది ఉద్యోగం. ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను, పేరు చెప్పను. దానికి వికీలో ఇప్పటికే పేజీ ఉంది. ఫీజుల మీద విద్యార్థులు ఆందోళన చేసిన సంగతి అందులో రెండు వాక్యాలుంది, పేపర్ లింకులతో సహా. ఆ రెండు లైన్లు పీకేసి ప్లేస్‌మెంట్ల గురించి రాయమని పైనుంచి మాట వచ్చింది. నాకు వికీ వచ్చని మా సెక్షన్‌లో ఒకావిడ మోసేసింది.

ప్రయోజనాల ఘర్షణ, అంటే మనకు సంబంధమున్న వాటి గురించి మనమే రాయడం, దాని మీద ఉన్న నియమాలు చదివాను. చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. తాతయ్య గురించి అసలు ముట్టుకోకూడదా? కాలేజీవాళ్లకు ఏం చెప్పాలి? ఇంకా ఏదీ చేయలేదు, చేసే ముందే అడుగుతున్నాను.

గంటస్తంభం (విజయనగరం)

కాలేజీ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. చేయకండి.

తాతగారి సంగతి అంత తేలిక కాదు. మాస్టారు వస్తారు, ఆయన చెబుతారు.

పెన్సిల్ మాస్టారు (విజయనగరం)

వచ్చాను. అమ్మా, ముందుగా ఒక భయం తీసేస్తాను. ప్రయోజనాల ఘర్షణ ఉందంటే నువ్వు తప్పు చేసినట్టు కాదు. నువ్వు ఫలానా చోట నిలబడి ఉన్నావని చెప్పడం, అంతే. మనవరాలివి కావడం నేరమా? చెప్పకుండా రాస్తేనే పేచీ. తరువాత ఎవరికో తెలుస్తుంది, అప్పుడు రాసిన ప్రతి అక్షరాన్నీ అనుమానంగా చూస్తారు. నిజమైన వాక్యాలు కూడా ఆ అనుమానంలో కొట్టుకుపోతాయి.

నీ రెండు పనులూ ఒక గాటన కట్టేవి కావు. తాతగారిది బంధుత్వం. కాలేజీది జీతం. జీతం విషయంలో, వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వినియోగ నిబంధనల్లోనే మాట ఉంది, 2014 జూన్‌లో చేర్చారు. డబ్బు తీసుకుని గానీ, వస్తుందని ఆశించి గానీ మార్పులు చేస్తే, ఎవరు ఇస్తున్నారు, ఎవరి తరఫున చేస్తున్నావు, వాళ్లతో నీకేం సంబంధం అనేవి బయటపెట్టి తీరాలి. నీ ఖాతాకు ఉండే వాడుకరి పేజీలో చెప్పొచ్చు, ఆ వ్యాసం పక్కనే ఉండే చర్చ పేజీలో చెప్పొచ్చు, మార్పు భద్రపరిచేటప్పుడు రాసే దిద్దుబాటు సారాంశంలో చెప్పొచ్చు. "నాకు దీనికి విడిగా పైసా ఇవ్వలేదు" అంటే చెల్లదు. నెల జీతం మీద ఉండి, ఆఫీసు చెబితే చేసిన పని డబ్బుకు చేసిన పనే.

బయటపెట్టేస్తే ఇక ఏమైనా రాయొచ్చు అని కూడా అనుకోకు. మూలాలున్న వాక్యాన్ని, అది మా కాలేజీకి ఇబ్బందిగా ఉందని తీసేయడం ఎలా చెప్పి చేసినా నిలవదు. అందులో అంకె తప్పుంటే, తేదీ తప్పుంటే, ఆ తరువాత గొడవ పరిష్కారమైందని పేపర్లో వచ్చి ఉంటే, అవి చర్చ పేజీలో మూలంతో చూపించి "దయచేసి పరిశీలించండి" అని అడుగు. సంబంధం లేనివాళ్లు చూసి మారుస్తారు, లేదా మార్చరు.

తాతగారి గురించి రేపు రాస్తాను. కళ్లు లాగుతున్నాయి.

డిజిటల్ బాబు (శ్రీకాకుళం)

మాస్టారు పుస్తకంలో ఉన్నది చెప్పారు. నేను బజారులో ఉన్నది చెబుతాను. నేను సోషల్ మీడియా పనులు చేస్తాను, ఆసుపత్రులకు, షోరూములకు. అందరూ రాయించుకుంటున్నారు. చెప్పి రాసినవాడి మార్పు తిప్పికొడతారు, చెప్పనివాడిది నిలబడుతుంది. మరి చెప్పడం ఎందుకు? మేడమ్ లాగవుట్ అయి ఆ రెండు లైన్లు తీసేస్తే ఉద్యోగం నిలబడుతుంది, గొడవా ఉండదు.

గంటస్తంభం

బాబూ, మార్పుల చరిత్ర అనే ట్యాబు ఒకటి ఉంది, ఎప్పుడైనా నొక్కావా? ఏ వాక్యం ఎప్పుడు ఎవరి చేత్తో పోయిందో అక్కడ పడి ఉంటుంది. ఖాతా ఉండి లాగవుట్ అయి చేయడం దాగుడుమూతల కిందికే వస్తుంది. దొరికితే ఆవిడ ఖాతాకే ఎసరు, రాజాం, వీరఘట్టం దిద్దిన మంచిపేరుతో సహా. పైగా తీసేసిన వాక్యాన్ని ఎవరో తిరిగి పెట్టేటప్పుడు ఇంకో రెండు మూలాలు వెతికి మరీ పెడతారు. రెండు వాక్యాలున్నది ఒక పేరా అవుతుంది.

ఇంగ్లీషు వికీపీడియాలో 2015లో ఆరెంజ్‌మూడీ అని పేరు పెట్టిన వ్యవహారం బయటపడింది. మొత్తం 381 ఖాతాలు నిరోధించారు, 210 వ్యాసాలు తీసేశారు. ఆ ముఠా ఏం చేసేదో తెలుసా? తిరస్కరించిన చిత్తుప్రతులు ఎవరివో చూసి వాళ్లకు ఫోన్లు, మెయిళ్లు. డబ్బిస్తే పేజీ పెట్టిస్తామని. పెట్టించాక, తొలగించకుండా కాపలా కాస్తాం, నెలనెలా ఇంత ఇవ్వండి అని. నీ షోరూము కస్టమర్లకు అలాంటి ఫోను వస్తే ముందు నీకే చేస్తారు.

డిజిటల్ బాబు

నేను ముఠా కాదండీ. అడిగినవాళ్లకు రాసిపెడతాను. కానీ ఒకటి నిజం, చర్చ పేజీలో పెట్టిన అభ్యర్థనని చూసే నాథుడు లేడు. ఇంగ్లీషులో అయితే దాని మీద పనిచేసేవాళ్లు ఉన్నారు. తెలుగులో ఎవరున్నారు?

జీడిపప్పు (పలాస)

బాబు అన్న చివరి మాట మాత్రం కొట్టిపారేయలేం.

తాతగారి కటింగుల గురించి నేనొక మాట చెప్పాలి. చాలాకాలం పేపర్‌కి విలేకరిగా చేశాను, మండల స్థాయిలో. "ఘనంగా సన్మానం" వార్తలు ఎలా పుడతాయో నాకు తెలుసు. సన్మానం చేసే కమిటీవాళ్లే ఒక తెల్లకాగితం మీద రాసిస్తారు, దానితో ఒక ఫొటో. శాలువా కప్పుతున్న ఫొటో, వెనక ఫ్లెక్సీ. మేం ఊరి పేరు పైన పెట్టి పంపేవాళ్లం. అది జిల్లా పేజీలో వస్తుంది. పేపర్లో వచ్చింది కాబట్టి అది స్వతంత్ర మూలం అని కుటుంబం అనుకుంటుంది. కానీ అందులో ఉన్నది కుటుంబం చెప్పిన మాటే, చుట్టూ తిరిగి అచ్చులో వచ్చింది.

పట్టుకోవడం తేలిక. ఒకే రోజు రెండు పేపర్ల కటింగులు పక్కపక్కన పెట్టి చదవండి. వాక్యాలు ఒక్కలా ఉంటే అది ప్రెస్ నోట్. విలేకరి స్వయంగా ఊరు వెళ్లి, నలుగురిని అడిగి రాసిన ఆదివారం ఫీచర్ అయితే దాని తీరు వేరు. అందులో మీ కుటుంబానికి నచ్చని మాట ఒకటైనా ఉంటుంది.

కొత్తరాత

ఇప్పుడే ట్రంకుపెట్టె తీశాను. జీడిపప్పు గారు చెప్పినట్టే ఉంది! రెండు వేర్వేరు పేపర్లు, ఒకే తేదీ. రెండింటిలోనూ "జానపద కళారంగానికి ఆయన అందించిన సేవలు చిరస్మరణీయమని వక్తలు కొనియాడారు". ఒకదాంట్లో మా ఊరి పేరులో అచ్చుతప్పు, అంతే తేడా.

ఒక సన్మాన సంచిక కూడా ఉంది. కానీ దాని సంపాదకవర్గంలో మా పెదనాన్న ఉన్నారు.

పెన్సిల్ మాస్టారు

సన్మాన సంచికను పక్కన పెట్టు. పారేయమనడం లేదు, పుట్టిన ఊరు, సంవత్సరం లాంటి మామూలు వివరాలకు పనికొస్తుంది. ఆయన ప్రముఖుడని నిరూపించడానికి మాత్రం పనికిరాదు. ఒక మనిషికి వికీలో పేజీ ఉండాలంటే, ఆ మనిషితో చుట్టరికం లేనివాళ్లు, పేరున్న పుస్తకంలోనో పత్రికలోనో, ఒక వాక్యంలో పేరు విసిరేయడం కాకుండా కాస్త విపులంగా రాసి ఉండాలి. అలాంటివి ఒకటికి రెండు ఉన్నాయా? జానపద కళల మీద యూనివర్సిటీల్లో చేసిన పరిశోధనలు చూశావా? తప్పెటగుళ్ల మీద పనిచేసినవాళ్లు మన వైపు బృందాల్ని కలవకుండా చేసి ఉండరు.

ఇంకో పరీక్ష చెబుతాను. తాతగారి గురించి ఒక పేరా రాసి ఇక్కడ పెట్టు. వికీలో కాదు, ఇక్కడే.

కొత్తరాత

రాశాను:

"శ్రీకాకుళం జిల్లాకు చెందిన ప్రఖ్యాత తప్పెటగుళ్ల కళాకారులు. చిన్ననాటి నుంచే కళామతల్లి సేవలో తరించి, ఎందరో శిష్యులను తీర్చిదిద్దారు. రొమ్ము మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలతో ఆయన అడుగు వేస్తే ప్రేక్షకులు మంత్రముగ్ధులయ్యేవారు. కడు పేదరికంలోనూ కళను వదలని మహనీయులు."

గంటస్తంభం

శిలావిగ్రహం కింద చెక్కించడానికి బాగుంది.

పెన్సిల్ మాస్టారు

గంటస్తంభం కాస్త నోరు కట్టుకో. అమ్మా, చూడు. ఎప్పుడు పుట్టాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎక్కడెక్కడ ఆడాడు, బృందంలో ఎంతమంది, ఏ కథలు పాడేవాడు, ఏదీ ఇందులో లేదు. అవన్నీ నీకు తెలుసు, అయినా రాయలేదు. ఎందుకంటే ఆయనను చూసినప్పుడు నీకు ముందు గుర్తొచ్చేది గొప్పతనం. అది సహజం. ఘర్షణ అనేది సరిగ్గా ఇక్కడే ఉంది, అబద్ధం రాయడంలో కాదు. ఏది ముఖ్యమో ఎంచుకునే చోట మన చెయ్యి మనకు తెలియకుండానే ఒక పక్కకు లాగుతుంది.

ఇంకొకటి. తెలుగు వికీలో ఎంత పెద్దవాళ్ల గురించైనా ఏకవచనంలోనే రాస్తారు. గురజాడ అప్పారావు "రాశాడు", ఆదిభట్ల నారాయణదాసు "పాడాడు". నువ్వు "తాతయ్య ఆడాడు, నేర్పాడు" అని రాయగలవా?

కొత్తరాత

రాయలేను. నాన్న చూస్తే ఇంట్లో రామాయణమే.

సాలిహుండం (శ్రీకాకుళం)

మాస్టారి మీద గౌరవంతోనే కాస్త విభేదిస్తాను. నేను చరిత్ర లెక్చరర్‌ని. ఈ నియమాలు ఇంగ్లీషు వికీలో, వేలమంది రాసేచోట పుట్టాయి. అక్కడ సంబంధమున్నవాడు పక్కకు జరిగితే, సంబంధం లేనివాడు ఇంకొకడు వస్తాడు. మన దగ్గర తప్పెటగుళ్ల గురించి తెలిసినవాళ్లెవరు? ఆ బృందాలవాళ్లు, వాళ్ల పిల్లలు, ఆ ఊళ్లవాళ్లు. వాళ్లందరినీ "నీకు సంబంధం ఉంది, జరుగు" అంటే ఆ పేజీ ఖాళీగా ఉంటుంది. ఖాళీ పేజీ నిష్పాక్షికమా? హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చి ఎవరో రాసేదాకా ఆగాలా?

నా సంగతే చెబుతాను. వంశధార ఒడ్డున ఉన్న బౌద్ధ స్థలాల మీద ఒక వ్యాసం ప్రచురించాను. శాలిహుండం పేజీలో దాన్ని మూలంగా ఇవ్వాలంటే నాకు నేనే ఇచ్చుకోవాలి. ఇస్తే స్వోత్కర్ష, ఇవ్వకపోతే ఆ విషయం పేజీలో ఉండదు.

పెన్సిల్ మాస్టారు

లెక్చరర్ గారూ, మీ వ్యాసం సంగతి ఇబ్బంది లేదు. సరైన పత్రికలో అచ్చయి, విషయానికి సంబంధించినదై, ఒకటీ అరా చోట్ల ఇచ్చుకుంటే ఎవరూ కాదనరు. పది పేజీల్లో పది చోట్ల మీ పేరే కనిపిస్తే మాత్రం అడుగుతారు. చర్చ పేజీలో "ఇది నా వ్యాసమే, పనికొస్తుందేమో చూడండి" అని ఒక ముక్క రాస్తే ఇక ఎవరికీ ఎదురు ప్రశ్న ఉండదు.

పెద్ద ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మనుషులు తక్కువ, నిజమే. తెలుగు వికీలో ఇంగ్లీషు వికీ అంత పట్టుబట్టరు కూడా. కానీ మన దగ్గర చూసేవాళ్లు తక్కువ కాబట్టే తప్పు పడితే అలాగే పడి ఉంటుందని కూడా ఆలోచించండి. ఏ ఊరి పేజీకైనా వెళ్లి "గ్రామ ప్రముఖులు" అనే విభాగం చూడండి. సర్పంచి, సర్పంచి బావమరిది, ఫలానా పార్టీ మండల కన్వీనరు, నిన్న డిగ్రీ పాసైన కుర్రాడు. ఎవరికి వాళ్లు వచ్చి రాసుకున్నవే. ఏళ్ల తరబడి ఎవరూ తీయలేదు.

తేలినీలాపురం (టెక్కలి)

హ్హహ్హ. మా పక్క ఊరి పేజీలో ఒకాయన తన ఫోన్ నంబరు కూడా పెట్టాడు, కోళ్లఫారం ఉందని.

నేను మా ఊరి గుడి కమిటీలో ఉన్నాను. ఊరి పేజీ మొత్తం నేనే రాశాను, గుడి సంగతితో సహా. ఇప్పుడది కూడా ఘర్షణేనా? అలగైతే సొంతూరు గురించి ఎవడూ రాయలేడు కదండీ.

పెన్సిల్ మాస్టారు

ఊరు మీది కావడం ఘర్షణ కాదు. బడి, చెరువు, బస్సు, పక్షులు ఎంతైనా రాయండి. గుడి దగ్గర మాత్రం కమిటీ సభ్యుడినని వాడుకరి పేజీలో ఒక లైను పెట్టండి. స్థలపురాణాన్ని "స్థలపురాణం ప్రకారం" అని రాయండి, జరిగిన చరిత్రలా కాదు. విరాళాలకు బ్యాంకు ఖాతా నంబరు పెట్టకండి.

తేలినీలాపురం

పెట్టాను. ఇప్పుడే తీసేస్తున్నాను.

జీడిపప్పు

ఎంతటివాళ్లకైనా ఈ దురద తప్పదు లెండి. వికీపీడియా పెట్టినవాళ్లలో ఒకడైన జిమ్మీ వేల్సే 2005లో తన పేజీలో తాను మార్పులు చేసుకుంటూ దొరికి మాటపడ్డాడు.

కొత్తరాత

ఒక అప్‌డేట్. ఈరోజు ఆఫీసులో ధైర్యం చేసి చెప్పేశాను. వినియోగ నిబంధనల్లో ఆ పేరా ప్రింటు తీసి పట్టుకెళ్లాను. "నేను చేస్తే కాలేజీ పేరు, నేనిక్కడ ఉద్యోగినన్న సంగతి, మీరు చేయమన్నారన్న సంగతి అందరికీ కనిపించేలా రాయాలి సార్, రాయకపోతే నిబంధన తప్పినట్టు" అన్నాను. కాసేపు కాగితం అటూ ఇటూ తిప్పారు. "ఆ రెండు లైన్ల గురించి ఎక్కువమంది చూస్తారా?" అని అడిగారు. ఇప్పుడు పెద్దగా ఎవరూ చూడటం లేదు, మనం కదిపితే చూస్తారు అన్నాను. సరే వదిలెయ్ అన్నారు. తరువాత "అయితే కాలేజీ పేరు మీదే ఒక ఖాతా తెరిచి చేస్తే?" అన్నారు.

గంటస్తంభం

సంస్థ పేరుతో ఖాతా, ఆఫీసులో నలుగురూ వాడే పాస్‌వర్డు. కోరి నిరోధం తెచ్చుకోవడమే. ఖాతా ఒక మనిషిదే అయి ఉండాలని చెప్పండి.

కానీ ఆ ప్రింటు తీసుకెళ్లిన ఆలోచన బాగుంది. మెచ్చుకున్నాను, రాసుకోండి.

డిజిటల్ బాబు

మేడమ్, ఆ పేరా లింకు నాకూ పంపండి. మా కస్టమర్ ఒకాయన రోజూ ప్రాణం తీస్తున్నాడు వికీ పేజీ వికీ పేజీ అని. ఆయనకు చూపించి తప్పించుకుంటాను.

సాలిహుండం

తాతగారి విషయంలో ఒక మధ్యేమార్గం. ఆయన పేజీ తరువాత చూద్దాం. ముందు తప్పెటగుళ్లు అనే వ్యాసాన్ని బాగుచేయండి. వేషం, తాళం, గొల్లల వృత్తితో దాని సంబంధం, పాడే కథలు, పండగలు. ఉన్న పుస్తకాల నుంచి రాయండి, తాతగారి పేరు లేకుండా. ట్రంకుపెట్టెలోని తప్పెటని ఎండలో పెట్టి ముందూ వెనకా మంచి ఫొటోలు తీసి, వికీపీడియా ఫొటోలు ఉండే కామన్స్‌లోకి ఎక్కించండి. అలాంటి ఫొటోలకు ఎప్పుడూ కొరతే. దాన్ని ఎవరైనా వాడుకుంటారు. మీరు తీసిన ఫొటో మీ సొంతం. పాత స్టూడియో ఫొటోలు మాత్రం ఎక్కించకండి, ఆల్బమ్ మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన వాటి హక్కులు మీవి కావు.

మా కాలేజీ లైబ్రరీలో జానపద కళల మీద పరిశోధన గ్రంథాలు కొన్ని ఉన్నాయి. రేపు వెళ్లి చూస్తాను.

సాలిహుండం

చూశాను. ఒక పరిశోధన గ్రంథంలో మీ ఊరి బృందం మీద దాదాపు రెండు పేజీలు ఉంది. తాతగారితో మాట్లాడి రాశారు. ఒక మాట మీకు నచ్చకపోవచ్చు. ఆఖరి రోజుల్లో సినిమా పాటల బాణీలు కలిపారని, దాని మీద తోటి బృందాలు ఆక్షేపించాయని రాశారు. ఫొటో తీసి మీకు పంపుతున్నాను.

జీడిపప్పు

నచ్చని మాట ఉందంటే అదే అసలైన మూలం.

కొత్తరాత

నాన్నను అడిగాను. "కలిపితే తప్పేటి? జనం అడిగారు, కలిపాడు" అన్నారు. అంటే నిజమేనన్నమాట. సంచికలో ఆ మాట లేదు.

తప్పెటగుళ్లు వ్యాసం చర్చ పేజీలో ఇలా పెట్టాను. చూసి చెప్పండి:

"నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో తప్పెటగుళ్లు ప్రదర్శించిన ఒక ప్రఖ్యాత కళాకారుడికి నేను మనవరాలిని. అందువల్ల ఆయనకు సంబంధించిన సమాచారాన్ని నేరుగా వ్యాసంలో చేర్చడం లేదు. ఆయన బృందం గురించి ఒక పరిశోధన గ్రంథంలో వివరంగా ఉంది, అందులో విమర్శ కూడా ఉంది. ఆ సమాచారం ఈ వ్యాసానికి అవసరమో కాదో, ఆయనకు విడిగా వ్యాసం ఉండదగునో లేదో సంబంధం లేని సభ్యులెవరైనా పరిశీలించగలరు. వ్యాసంలోని వేషధారణ, వాయిద్యం విభాగాలను ఇతర పుస్తకాల ఆధారంగా నేను విస్తరిస్తున్నాను. అభ్యంతరం ఉంటే చెప్పండి."

వాడుకరి పేజీలో కూడా మనవరాలినని, ఫలానా కాలేజీ ఉద్యోగినని, ఆ కాలేజీ పేజీలో మార్పులు చేయనని రాశాను.

గంటస్తంభం

మొదటి వాక్యంలో "ప్రఖ్యాత" ఉంది.

కొత్తరాత

తీసేశాను.

పెన్సిల్ మాస్టారు

చర్చ పేజీ చూశాను. బాగుంది. పైన "సహాయం కావాలి" మూస (సాయం అడిగే రెడీమేడ్ పట్టీ) పెట్టు, లేకపోతే ఎవరి కంటా పడదు. వారం చూసి కదలిక లేకపోతే వికీ సభ్యులందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో ఒక ముక్క రాయి. పరిశోధన గ్రంథం పేరు, సంవత్సరం ఇచ్చావు గానీ పుట సంఖ్య లేదు. లెక్చరర్ గారిని అడిగి చేర్చు, ఆదివారం కూర్చుని నేను చదువుతాను.